మన ద్రాక్ష యూరప్ ఎలా చేరింది? 2010లో ఎందుకు ఆగిపోయింది?

ఈ ఎపిసోడ్‌లో ద్రాక్ష గురించి మాట్లాడుకుందాం. ద్రాక్షకి కూడా చరిత్ర ఏంటి అనుకోవద్దు. చాలా ఉంది. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది.

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా రోడ్డు పక్కన బండ్ల మీద ద్రాక్షే ద్రాక్ష. బండి ఆయన్ని అడిగితే "నాసిక్ మాల్ సార్" అంటాడు. అదే సమయంలో అదే నాసిక్ నుంచి, అవే తోటల నుంచి, ఇంకో రకం ప్యాకింగ్‌లో ద్రాక్ష ముంబై దగ్గర్లోని నవా షేవా పోర్టుకి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఓడ ఎక్కి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో దిగుతుంది. తర్వాత యూరప్ సూపర్ మార్కెట్లలో చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో కనిపిస్తుంది.

2023-24లో మన దేశం దాదాపు 3 లక్షల 44 వేల టన్నుల తాజా ద్రాక్ష ఎగుమతి చేసింది. విలువ సుమారు 3,460 కోట్ల రూపాయలు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ మనం పండించేది ఏడాదికి 30 లక్షల టన్నులకు పైనే. అంటే పదింట ఒక వంతు మాత్రమే బయటికి పోతోంది. ఇంకోవైపు పెరూ అనే దేశం ఉంది. అక్కడ ద్రాక్ష పండేదే ఎడారిలో. ఇరవై ఏళ్ల కిందట ఈ వ్యాపారంలో దాని పేరు పెద్దగా వినిపించేది కాదు. ఇప్పుడు మనకంటే మూడు రెట్లకు పైగా డబ్బు ద్రాక్షతోనే సంపాదిస్తోంది.

ఎందుకలా? మన పండు తియ్యగా లేదా? మన రైతుకి పని రాదా? రెండూ కావు. అసలు విషయం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నిద్రపోని తీగ

ద్రాక్ష పుట్టుకతో చల్లని ప్రాంతాల తీగ. యూరప్‌లోనైనా, కాలిఫోర్నియాలోనైనా చలికాలం వస్తే ఆకులు రాల్చేసి నిద్రపోతుంది. వసంతంలో లేస్తుంది, వేసవి చివర పండిస్తుంది. ఏడాదికి ఒకే చక్రం.

దక్కన్‌లో ఆ నిద్ర లేదు. మనకి మంచు పడే చలి లేదు కదా. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు దౌలతాబాద్ వచ్చాడు. ఒకప్పుడు ఔరంగాబాద్ అని పిలిచిన నగరం పక్కనే ఉన్న కోట అది. ఇక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తాయని ఆయన రాసుకున్నాడు. ఆయన ఆశ్చర్యపోయిన విషయమే ఆరు వందల ఏళ్ల తర్వాత మన ఎగుమతి వ్యాపారానికి పునాది అయింది. అదెలాగో కాసేపట్లో చెప్తాను.

ముందు హైదరాబాద్‌కి వద్దాం. 'అనాబ్-ఎ-షాహీ' అనే పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, వాళ్లకి గుర్తుంటుంది. రాజ ద్రాక్ష అని అర్థం. 19వ శతాబ్దం చివర్లో హైదరాబాద్‌లో మొదలైన రకం ఇది. పొడుగ్గా, పెద్దగా, లేత తేనె రంగులో ఉండే పండు. గింజ ఉంటుంది. దిగుబడి మాత్రం విపరీతం. ఆల్వాల్, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట అంటే ఇప్పుడు మనకి విల్లాలు, అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు గుర్తొస్తాయి. ఒకప్పుడు అక్కడ పందిళ్ల నిండా ద్రాక్షే. ఇక్కడి రకం కర్ణాటకకి, పంజాబ్‌కి, హర్యానాకి కూడా వెళ్లింది. ఇవాళ మీరు బండి మీద కొనే 'దిల్‌ఖుష్' ద్రాక్ష కూడా అనాబ్-ఎ-షాహీ నుంచి వచ్చిన రకమే.

మరి ప్రపంచ మార్కెట్‌లో హైదరాబాద్ పేరు ఎందుకు లేదు? మూడు కారణాలు చెప్పొచ్చు. ఒకటి, గింజ. యూరప్ కొనుగోలుదారు గింజలేని ద్రాక్షకి అలవాటు పడ్డాడు. రెండు, బూజు తెగులు. అనాబ్-ఎ-షాహీకి అది చాలా త్వరగా పడుతుంది. మూడోది అందరికీ తెలిసిందే, భూమి ధర. నగరం తోట దాకా వచ్చేసరికి ఎకరం ద్రాక్ష ఇచ్చే ఆదాయం కంటే ఎకరం ప్లాట్లు ఇచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువైంది. తోటలు ఒక్కొక్కటిగా పోయాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం ఇంకా ఉంది.

నాసిక్ ఏం చేసింది?

ఇప్పుడు మహారాష్ట్ర వైపు చూద్దాం. నాసిక్, సాంగ్లీ, షోలాపూర్, పుణే జిల్లాలు. అక్కడి ద్రాక్ష రైతులు 1960లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరి తోటలో ఏ ప్రయోగం చేసినా పదిమందికి చెప్పే అలవాటు అక్కడ మొదలైంది. గింజలేని థామ్సన్ రకం వేశారు. కిస్మిస్ చేసేది కూడా ఎక్కువగా ఈ రకంతోనే. సాంగ్లీ జిల్లా తాస్‌గావ్‌లో వసంతరావ్ ఆర్వే అనే రైతు థామ్సన్ తోటలోనే కాస్త భిన్నంగా కనిపించిన తీగని గుర్తుపట్టి వేరు చేశాడు. అదే 'తాస్-ఎ-గణేశ్' రకం. ఇది ల్యాబ్‌లో పుట్టిన రకం కాదు, రైతు కంటికి చిక్కిన రకం.

ఇక దక్కన్ తీగ నిద్రపోదు అన్నాను కదా. నాసిక్ రైతు దాన్ని ఇలా వాడుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో ఒకసారి. అది పంట కోసం కాదు, కొత్త కొమ్మలు వచ్చి వాటిలో కాపు మొగ్గలు తయారవడం కోసం. మళ్లీ అక్టోబర్ ప్రాంతంలో ఇంకోసారి. ఆ కత్తిరింపు నుంచి పంట వస్తుంది. కోత జనవరి నుంచి ఏప్రిల్ దాకా.

క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. యూరప్ సొంత ద్రాక్ష వేసవిలో మొదలై శరదృతువులో అయిపోతుంది. చలికాలంలో దక్షిణార్ధగోళం నుంచి, అంటే దక్షిణాఫ్రికా, పెరూ, చిలీ నుంచి వస్తుంది. ఆ సరుకు తగ్గుముఖం పట్టే మార్చి, ఏప్రిల్ నుంచి ఈజిప్ట్ ద్రాక్ష మొదలయ్యే మే దాకా కొన్ని వారాలు యూరప్ మార్కెట్‌లో సరుకు పలచబడుతుంది. మన ద్రాక్షకి దొరికిన సందు అదే. ప్రపంచ మార్కెట్‌లో మనం నిలబడింది ముందుగా ఈ తేదీల వల్ల.

సందు దొరికింది సరే, అందులోంచి ద్రాక్షని అవతలికి పంపడం ఎలా?

చల్లదనం నేర్చుకున్న రోజులు

1990 దాకా మన ఎగుమతి ఎక్కువగా గల్ఫ్ దేశాలకే. దగ్గర కాబట్టి నడిచిపోయేది. యూరప్ అంటే ఓడలో మూడు వారాల పైమాటే. 1991లో మహారాష్ట్ర రైతు సహకార సంఘాలు కలిసి 'మహాగ్రేప్స్' అనే సంస్థ పెట్టాయి. రాష్ట్ర మార్కెటింగ్ బోర్డు లాంటి ప్రభుత్వ సంస్థలు చేయూతనిచ్చాయి. అయినా మొదట్లో పంపిన సరుకు చాలావరకు తిరస్కరణకే గురైంది. కోసినప్పుడు బంగారంలా ఉన్న గుత్తి అక్కడ దిగేసరికి కాడ ఎండిపోయి, పండు మెత్తబడి ఉండేది.

అక్కణ్ణుంచి నేర్చుకోవడం మొదలైంది. తెల్లవారుజామున ఎండ ముదరకముందే కోయాలి. గుత్తిలో పాడైన ప్రతి పండునీ చిన్న కత్తెరతో తీసేయాలి. కొన్ని గంటల్లోనే ప్రీకూలింగ్ గదిలో పెట్టి పండు లోపలి వేడిని 4 డిగ్రీల దాకా దించాలి. బూజు రాకుండా సల్ఫర్ డయాక్సైడ్ వదిలే కాగితాన్ని పెట్టెలో పరచాలి. కంటైనర్‌లో సున్నా డిగ్రీల దగ్గర ఉంచాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక్క లింకు తెగినా మూడు వారాల తర్వాత రాటర్‌డామ్‌లో తెలుస్తుంది. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

తోటలో పనీ మారింది. ఎగుమతికి పండు సైజు 16 నుంచి 18 మిల్లీమీటర్లు ఉండాలి. అందుకని తీగకి ఇన్ని గుత్తులే అని లెక్కపెట్టి మిగతావి కోసేయాలి. గుత్తిలో కూడా కాయలు పలచబరచాలి. గుత్తుల్ని ఒక్కొక్కటిగా జిబ్బరెల్లిక్ యాసిడ్ ద్రావణంలో ముంచాలి. చేతికొచ్చిన కాయని రైతే తెంపి పారేయడం అంటే మాటలా? రెండెకరాల రైతు ఈ పని చేయాలంటే, చివర్లో మంచి ధర వస్తుందన్న నమ్మకం గట్టిగా ఉండాలి.

రెండే రెండు ద్రాక్ష పండ్లు

ఇక్కడ ఒక్కసారి చిలీకి వెళ్లొద్దాం. ఈ వ్యాపారం ఎంత సన్నని దారం మీద నడుస్తుందో అక్కడ కనబడుతుంది.

1989 మార్చి. చిలీ అప్పటికే ద్రాక్ష ఎగుమతిలో పెద్ద దేశం. అమెరికా దానికి ముఖ్యమైన మార్కెట్. మార్చి 2న చిలీ రాజధాని శాంటియాగోలోని అమెరికా ఎంబసీకి ఒక ఫోన్ వచ్చింది. పళ్లలో సైనైడ్ పెట్టామని ఎవరో చెప్పి పెట్టేశారు. తర్వాత పది రోజులకి ఫిలడెల్ఫియా పోర్టులో తనిఖీలో రెండు ద్రాక్ష పండ్లలో సైనైడ్ జాడ దొరికిందని ప్రకటించారు. లక్షల పెట్టెల్లో రెండే పండ్లు. అందులో ఉన్న మోతాదు మనిషికి హాని చేసేంత కూడా కాదు. అయినా అమెరికా చిలీ పళ్లన్నిటినీ ఆపేసింది. దుకాణాల్లోంచి తీసేయించారు. సీజన్ నడిమధ్య. కొద్ది రోజుల్లో నిషేధం ఎత్తేశారు గానీ, చిలీకి వందల మిలియన్ల డాలర్ల నష్టం జరిగిపోయింది. తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసే కూలీలు రోడ్డున పడ్డారు. ఆ ఫోన్ చేసింది ఎవరో ఇప్పటిదాకా తేలలేదు.

కొనేవాడికి అనుమానం వస్తే చాలు. పండు ఎంత తియ్యగా ఉందో ఎవరూ అడగరు.

2010 ఏప్రిల్: ఒక గ్రాము కథ

మనకి ఆ రుచి మొదటిసారి 2003లో తగిలింది. నెదర్లాండ్స్‌లో మన ద్రాక్షలో పురుగుమందు అవశేషాలు పరిమితి దాటి కనిపించాయి. దాంతో మన ఎగుమతుల సంస్థ అపెడా ఒక పర్యవేక్షణ పద్ధతి పెట్టింది. 2006లో 'గ్రేప్‌నెట్' వచ్చింది. ఇది నిజంగా గర్వపడాల్సిన పని. ఎగుమతి చేసే ప్రతి తోటకీ ఒక రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. కోతకి ముందు ల్యాబ్ వాళ్లు తోటకి వచ్చి శాంపిల్ తీసుకుంటారు. పాసైతేనే ప్యాకింగ్, ఆ తర్వాతే సర్టిఫికెట్. ఎక్కడో ఒక పెట్టెలో తేడా వస్తే అది ఏ ఊళ్లో ఏ తోటదో నిమిషాల్లో చెప్పొచ్చు. ఇంత కట్టుదిట్టంగా అంతా ఆన్‌లైన్‌లో నడిచే వ్యవస్థ అప్పటికి మన వ్యవసాయంలో కొత్త.

అంత చేసినా 2010లో దెబ్బ తగిలింది.

క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే మందు ఉంది. రైతులు 'సీసీసీ' అంటారు. ఇది పురుగుమందు కాదు, పెరుగుదలని అదుపు చేసేది. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత కొడితే తీగ ఊరికే సాగకుండా కాపు మొగ్గ కడుతుంది. మన దగ్గర నిపుణులు సిఫార్సు చేసిన మందే. అందరూ ఏళ్లుగా వాడుతున్నదే. పంట చేతికొచ్చేది పది నెలల తర్వాత. అప్పటికి ఏం మిగులుతుందిలే అనుకున్నారు. కానీ ఆ మందు తీగలో నిలిచి మెల్లగా పండులోకి చేరింది.

ఇంకోవైపు 2008 సెప్టెంబర్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ ఒకే అవశేష పరిమితులు అమల్లోకి వచ్చాయి. ద్రాక్షలో ఈ మందుకి పెట్టిన హద్దు కిలోకి 0.05 మిల్లీగ్రాములు. లెక్క వేసి చూడండి. 20 టన్నుల ద్రాక్షలో ఒక్క గ్రాము. మన ల్యాబ్‌లు పరీక్షించే మందుల జాబితాలో మాత్రం సీసీసీ పేరు లేదు.

అంటే ఏమైంది? రైతు ప్రతి పరీక్షా పాసయ్యాడు. చేతిలో సర్టిఫికెట్ ఉంది. ఓడ కదిలింది. సరుకు యూరప్ చేరాక అక్కడి ల్యాబ్‌లు ఆ ఒక్క మందు కోసం వెతికాయి, దొరికింది. సూపర్ మార్కెట్లు కొనడం ఆపేశాయి. పోర్టుల్లో కంటైనర్లు నిలిచిపోయాయి. నష్టం వందల కోట్లలో ఉందని అప్పట్లో ఎగుమతిదారులు, రైతులు లెక్క చెప్పారు. అమ్ముడుపోని సరుకు ఖర్చు వ్యాపారి నుంచి దిగి దిగి చివరికి రైతు మెడకే చుట్టుకుంది. చాలామందికి డబ్బు సరుకు అమ్ముడయ్యాకే వచ్చే ఏర్పాటు కదా.

అందని ద్రాక్ష పుల్లన అంటాం. ఇక్కడ ద్రాక్ష అందింది, తియ్యగానే ఉంది. చేదైంది లెక్క.

దీంట్లో తప్పు ఎవరిది? రైతుదా? ఆయన చెప్పిన మందే కొట్టాడు. ల్యాబ్‌దా? ఇచ్చిన జాబితా ప్రకారమే పరీక్షించింది. బ్రస్సెల్స్‌లో ఒక కాగితం మీద మారిన సంఖ్య, నిఫాడ్ తాలూకాలోని తోటలో మందు కొట్టే రైతు దాకా చేరలేదు. నా ఉద్దేశంలో అసలు సమస్య అదే. ప్రపంచ మార్కెట్‌లో పోటీ అంటే ఆ వార్త ఎంత వేగంగా తోట దాకా వస్తుంది అన్నదే.

దెబ్బ తిన్నాక

తర్వాత పరీక్షల జాబితాలో సీసీసీ చేరింది. ఎగుమతి తోటల్లో దాని వాడకం ఆపించారు. మెల్లగా మార్కెట్ తిరిగొచ్చింది. ఆ ప్రాంతంలోనే నాసిక్ జిల్లా మొహాడీ కేంద్రంగా విలాస్ షిండే నాయకత్వంలో 'సహ్యాద్రి ఫార్మ్స్' అనే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ఎదిగింది. కొద్దిమంది రైతులతో మొదలై దేశంలోనే అతిపెద్ద ద్రాక్ష ఎగుమతిదారుల్లో ఒకటైంది. రైతులే వాటాదారులు. ఏ మందు ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఒక్కొక్క తోటకీ చెప్పే ఏర్పాటు చేసుకున్నారు. 2010 నేర్పిన పాఠం ఇదే కదా!

మరి ఇప్పుడు అంతా బాగుందా? మొదట్లో చెప్పిన లెక్కకే వద్దాం. 3,460 కోట్లని 3.44 లక్షల టన్నులతో భాగిస్తే కిలోకి సగటున 100 రూపాయలు. బంగ్లాదేశ్‌కి లారీల్లో వెళ్లే సరుకు ధర తక్కువ కాబట్టి సగటు దిగుతుంది, అది నిజమే. కానీ అసలు తేడా ఇంకోచోట ఉంది.

అది రకాల్లో ఉంది. మన ఎగుమతిలో ఎక్కువ భాగం ఇప్పటికీ థామ్సన్, దాని పిల్ల రకాలు. థామ్సన్‌కి ఆ పేరొచ్చి వందేళ్లు దాటింది. ఈ మధ్య యూరప్, చైనా, అమెరికా మార్కెట్లు పెద్ద సైజు, కరకరలాడే కొత్త రకాల వైపు తిరిగాయి. అవన్నీ పేటెంట్ ఉన్న రకాలు. లైసెన్స్ ఫీజు కట్టాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పెరూ ఎడారుల్లో, ఇకా, పియురా ప్రాంతాల్లో, పెద్ద కంపెనీలు ఆ రకాలే వేశాయి. పైగా వానల బెడద తక్కువ. అమెరికాతో 2009లో, చైనాతో 2010లో పెరూ వాణిజ్య ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి. ఇటీవలి సీజన్లలో చిలీని కూడా దాటేసి మొదటి స్థానంలోకి వెళ్లింది. చిలీ, పెరూ, దక్షిణాఫ్రికా ద్రాక్ష సుంకం లేకుండా యూరప్‌లోకి పోతుంటే, మన ద్రాక్ష చాలా ఏళ్లు దాదాపు 8 శాతం కట్టి వెళ్లింది.

మన దగ్గర కొత్త రకాలు ఎందుకు ఆలస్యమయ్యాయి? 2001లో మన దేశం చేసిన చట్టం రైతుకి విత్తనం దాచుకునే, పక్క రైతుకి పంచుకునే హక్కు ఇచ్చింది. అది చిన్న రైతుకి రక్షణ. కానీ విదేశీ బ్రీడింగ్ కంపెనీలు, మా మొక్క ఒకరికి ఇస్తే ఊరంతా అంటు కట్టేసుకుంటారేమో అని వెనకాడాయి. ఇప్పుడు సహ్యాద్రి లాంటి సంస్థలు ఒప్పందాలు చేసుకుని 'ఆరా' లాంటి రకాలు తెస్తున్నాయి. బాగానే ఉంది. కానీ ఆలోచించండి, తాస్‌గావ్ రైతు కనిపెట్టిన తీగ అందరికీ చేరింది. రేపటి తీగ ఫీజు కట్టగలిగిన వాళ్లకే చేరితే రెండెకరాల రైతు ఎక్కడుంటాడు? దీనికి తేలికైన సమాధానం లేదు. కానీ ఈ ప్రశ్న అడగకుండా ఎగుమతులు పెరిగాయని చప్పట్లు కొడితే సగం కథే విన్నట్టు.

దీనికి తోడు మన చేతిలో లేనివీ ఉన్నాయి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చింది. ప్రయాణం రెండు వారాల దాకా పెరిగింది. ద్రాక్ష వయసే వారాల్లో లెక్క కదా. అకాల వర్షం ఒక్కసారి పడితే పండు పగులుతుంది. మన క్యాలెండర్ సందు అలాగే ఉంది గానీ, పెరూ సరుకు అటువైపు నుంచి, ఈజిప్ట్ ఇటువైపు నుంచి దాన్ని నొక్కుతూనే ఉన్నాయి.

మనకెందుకు ఈ కథ?

హైదరాబాద్ తోటలు పోయాయి కాబట్టి ఇది మహారాష్ట్ర గొడవ అనుకోవద్దు. గ్రేప్‌నెట్ పద్ధతినే తర్వాత దానిమ్మకి, మామిడికి, కూరగాయలకి కూడా విస్తరించారు. మన బంగినపల్లి యూరప్ వెళ్లాలన్నా ఆ దారినే వెళ్లాలి. తోట నంబర్, శాంపిల్, ల్యాబ్, సర్టిఫికెట్. మీ ఇంట్లో తోట ఉంటే, మందుల షాపు వాడు ఇచ్చిన సీసా మీద ఉన్న పేరుని ఫోన్‌లో ఒక్కసారి వెతకండి. మీరు అమ్మాలనుకున్న దేశంలో దానికి హద్దు ఎంతో చూడండి. యూరప్ హద్దులు అందరూ చూసుకునేలా ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. 2010లో నాసిక్ రైతు చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు. మీ చేతిలో ఉంది.

ఎక్కువ పండించడం మనకి ఎప్పుడో వచ్చు. తియ్యగా పండించడమూ వచ్చు. ముఖం కూడా చూడని మనిషి, ఏడు వేల కిలోమీటర్ల అవతల, డబ్బా మూత తీసి కడిగి పిల్లలకి పెడుతున్నాడంటే ఆ నమ్మకం ఒక గ్రాము కన్నా తేలికైంది. దాన్ని మోసేది మాత్రం రెండెకరాల రైతు.

ఈసారికి ఇంతే. మీ ఊళ్లో ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఉండేవా? పెద్దవాళ్లని అడిగి చూడండి, మంచి కథలు దొరుకుతాయి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.